ఇంటిపేరు పట్టుకుని... ఇటలీ దాకా!

1927 అక్టోబరు 25. బ్రెజిల్ తీరానికి చేరువలో ఉంది 'ప్రిన్సిపెస్సా మఫాల్దా'. ఇటలీ రాజుగారి కూతురి పేరు పెట్టుకున్న ఓడ. పైఅంతస్తుల్లో విలాసాలు... కింది అంతస్తుల్లో పొట్ట చేతపట్టుకుని అర్జెంటీనా వెళ్తున్న వలస కుటుంబాలు. ఉన్నట్టుండి పంఖా తిప్పే ఇరుసు విరిగింది. ఓడ అడుగుభాగంలోకి నీరు దూసుకొచ్చింది. అధికారిక లెక్క ప్రకారమే 314 మంది జలసమాధి అయ్యారు.

ఆ ఓడకి టికెట్లు కొనుక్కుని కూడా ఎక్కని కుటుంబం ఒకటుంది. ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతం వాళ్లది. ఉన్న ఆస్తులు అమ్ముకుని బయల్దేరదామనుకున్నారు. సమయానికి బేరం కుదర్లేదు. ప్రయాణం వాయిదా పడింది. రెండేళ్ల తర్వాత, 1929లో, 'జులియో చెజారే' అనే మరో ఓడెక్కి భార్యాభర్తలూ వాళ్ల ఒక్కగానొక్క కొడుకూ బ్యూనస్ ఎయిర్స్‌లో దిగారు. అక్కడ మండువేసవి. అయినా ఇంటావిడ ఒంటి మీద నక్కతోలు కాలరున్న దళసరి కోటు! ఎందుకంటే... ఆస్తులు అమ్మిన డబ్బంతా ఆ కోటు లోపలి అస్తరులో కుట్టేసి ఉంది.

ఆవిడ పేరు రోజా. కొడుకు పేరు మారియో బెర్గోగ్లియో. ఆ మారియో పెద్దకొడుకే 2013లో పోప్ ఫ్రాన్సిస్ అయ్యాడు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేలోగా ఈ ఓడ కథ ఆయన చాలాసార్లు చెప్పారు. ఆత్మకథని మొదలుపెట్టిందీ దీంతోనే. 2022 నవంబరులో పూర్వీకుల ప్రాంతమైన ఆస్తికి వెళ్లి, తొంభయ్యో పడిలో పడిన బంధువుని పలకరించి వచ్చారు కూడా.

ఆయనకి కథలు చెప్పే నానమ్మ ఉంది కాబట్టి ఊరు తెలిసింది, ఓడ తెలిసింది. పీడ్‌మాంట్ మాండలికం సైతం ఆవిడ దగ్గరే వంటపట్టింది. ఆ భాగ్యం లేనివాళ్లు కోట్లలో ఉన్నారు. న్యూయార్క్‌లోనో సావోపాలోలోనో పుట్టి పెరిగి, పేరు చివర ఒక ఇటాలియన్ ఇంటిపేరు మాత్రం మిగిలినవాళ్లు. 'ముత్తాత నేపుల్స్ నుంచి వచ్చాడట' అని ఇంట్లో చెప్పుకుంటారు. తీరా వెతికితే నేపుల్స్ ఆయన ఓడెక్కిన రేవు మాత్రమే అవుతుంది. సొంతూరు అక్కడికి రెండు రోజుల నడక దూరంలో, ఏ కొండమీదో ఉంటుంది. ఆ ఊరి పేరు పట్టుకోవడమే ఈ వెతుకులాటలో అసలు చిక్కుముడి.

ఊళ్లకి ఊళ్లే కదిలాయి

1876 నుంచి వందేళ్లలో ఇటలీని వదిలి వెళ్లినవారు సుమారు 2 కోట్ల 60 లక్షలు. ఒక దేశం నుంచి ఇంతమంది సొంత ఇష్టంతో వెళ్లిపోవడం చరిత్రలో చాలా అరుదు. సొంత ఇష్టం అనడమూ ఒక రకంగా తప్పే. 1861లో చిన్నచిన్న రాజ్యాలన్నీ కలిసి ఒక్క ఇటలీ అయ్యాక దక్షిణాది రైతుకి ఒరిగిందేమీ లేదు. పిండి మరకి వెళ్లి ధాన్యం ఆడించుకున్నా పన్ను కట్టాలని 1868లో చట్టం తెచ్చారు. సైన్యంలో నిర్బంధ సేవ, పొలాల్లో మలేరియా, ద్రాక్షతోటల్ని తినేసిన తెగులు... వీటన్నిటి మధ్య ఆవిరి ఓడల టికెట్ ధర చవకైంది. ఇంకేం, మూటాముల్లె సర్దుకున్నారు.

1880 నుంచి 1924 మధ్య అమెరికా చేరిన ఇటాలియన్లు దాదాపు 40 లక్షలు. ఎక్కువమంది సిసిలీ, కలాబ్రియా, కంపానియా, బసిలికాటా వంటి దక్షిణ ప్రాంతాలవాళ్లు. ఉత్తరాన వెనెటో ప్రాంతంవాళ్లు బ్రెజిల్ బాట పట్టారు. దక్షిణ బ్రెజిల్‌లో వెనెటో యాస నుంచి పుట్టిన 'తాలియాన్' భాష ఇప్పటికీ వినిపిస్తుంది. 2014లో బ్రెజిల్ దాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది కూడా.

వలస ఎప్పుడూ ఒంటరిగా జరగదు. ముందు ఒకడు వెళ్తాడు. కుదురుకున్నాక తమ్ముణ్ని పిలుస్తాడు. తమ్ముడు బావమరిదిని, బావమరిది పక్కింటివాణ్ని... అమెరికాలో ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో ఒకే మండలంవాళ్లు కనిపించడం తెలుగువారికి కొత్తగా చెప్పాలా! పూలియా ప్రాంతంలోని రోజెటో వాల్‌ఫోర్టోరె అనే ఊరివాళ్లు ఇలాగే ఒకరి వెంట ఒకరు పెన్సిల్వేనియా పలకరాతి గనులకు వెళ్లారు. అక్కడ ఏకంగా రోజెటో పేరుతోనే ఇంకో ఊరు కట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లతో పోలిస్తే వీళ్లకి గుండెజబ్బులు తక్కువగా ఎందుకున్నాయో తేల్చడానికి 1960ల్లో వైద్య పరిశోధకులు వచ్చి కూర్చున్నారు. ఆ సంగతి అలా ఉంచితే... ముత్తాత ఊరు తెలియనివారికి ఇది మంచి ఆధారం. ఆయన అమెరికాలో ఏ వీధిలో ఉన్నాడో, ఇరుగుపొరుగు ఎవరో, పెళ్లికి సాక్షులెవరో చూస్తే వాళ్లది ఏ ఊరో తెలుస్తుంది. చాలాసార్లు ఆయనదీ అదే ఊరు అవుతుంది.

పైగా వెళ్లినవాళ్లంతా అక్కడే ఉండిపోలేదు. నాలుగు డబ్బులు సంపాదించి ఊళ్లో ఇల్లు కట్టుకుందామని వెనక్కి వచ్చినవాళ్లు బోలెడు మంది. మళ్లీ చేతిలో డబ్బు అయిపోతే మళ్లీ ఓడ. అందుకే ఒకే మనిషి పేరు మూడు నాలుగు ఓడల జాబితాల్లో కనిపించవచ్చు. వేర్వేరు మనుషులనుకుని పొరబడితే వంశవృక్షం అక్కడే అడ్డం తిరుగుతుంది.

'గాడ్‌ఫాదర్' చెప్పిన అబద్ధం

1974లో వచ్చిన 'గాడ్‌ఫాదర్' రెండోభాగం చూసినవాళ్లకి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. సిసిలీ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల విటో అండోలిని న్యూయార్క్ రేవులో బిక్కుబిక్కుమంటూ నిలబడతాడు. అధికారి పేరు అడుగుతాడు. పిల్లాడు పలకడు. మెడలో చీటీ మీద ఊరి పేరు కార్లియోన్ అని ఉంటుంది. అధికారి దాన్నే ఇంటిపేరుగా రాసేస్తాడు. ఆ దెబ్బతో 'ఎల్లిస్ ఐలాండ్‌లో మా ఇంటిపేరు మార్చేశారు' అన్న నమ్మకం మరింత బలపడింది. అమెరికాలో ఏ ఇటాలియన్ ఇంటికెళ్లినా ఆ మాట వినిపిస్తుంది.

నిజానికి ఎల్లిస్ ఐలాండ్ అధికారులు పేర్లు రాసేవారే కాదు! ప్రయాణికుల జాబితా ఓడ బయల్దేరిన రేవులోనే తయారయ్యేది. నేపుల్స్‌లోనో పలెర్మోలోనో ఓడ కంపెనీ గుమాస్తా రాసేవాడు. ఇటాలియన్ పేర్లు ఆయనకి కొట్టినపిండి. ఎల్లిస్ ఐలాండ్ అధికారి పని ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్కర్నీ పిలవడం, ప్రశ్నలడగడం, టిక్కు పెట్టడం. చాలా భాషల దుబాసీలు కూడా అక్కడే ఉండేవారు.

మరి పేర్లు ఎవరు మార్చారు? మేస్త్రీ, స్కూలు టీచరు, జనాభా లెక్కలవాడు, ఒక్కోసారి స్వయంగా ముత్తాతే. జుసెప్పె కాస్తా జో అయ్యాడు. విన్చెంజో చాలాచోట్ల జిమ్మీ, కలోజెరో చార్లీ. బియాంకి అంటే తెలుపు కాబట్టి వైట్ అని పెట్టుకున్నవాళ్లున్నారు. పాప్ గాయకుడు టోనీ బెన్నెట్ అసలు ఇంటిపేరు బెనెడెట్టో. నటుడు, గాయకుడు డీన్ మార్టిన్ పుట్టినప్పుడు డినో క్రోచెట్టి. వీళ్ల పేర్లని ఏ అధికారీ మార్చలేదు. నలుగురి నోళ్లలో నానాలన్న కోరికే మార్చింది.

ఈ అబద్ధాన్ని నమ్మడం వల్ల ఒక నష్టం ఉంది. మారిన పేరుతోనే ఓడ జాబితాలో వెతుకుతారు. దొరకదు. అసలు పేరుతో వెతికితే మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది.

ఓడ కాగితంలో ఏముంటుంది?

ఎల్లిస్ ఐలాండ్ 1892 జనవరి 1న తెరుచుకుంది, 1954 నవంబరులో మూతపడింది. ఈ మధ్యకాలంలో కోటి 20 లక్షల మంది వలసదారులు ఆ గుమ్మం దాటారు. ఒక్క 1907లోనే పదిలక్షలకు పైగా వచ్చారు. జాబితాలో ఒక్కో మనిషికి దాదాపు 30 ప్రశ్నలు. వయసు, వృత్తి, చదవగలరా లేదా, చివరగా ఎక్కడ ఉన్నారు, టికెట్ డబ్బులు ఎవరిచ్చారు, చేతిలో ఎంతుంది, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు... అన్నీ. ఉత్తర ఇటాలియన్లనీ దక్షిణ ఇటాలియన్లనీ రెండు వేర్వేరు జాతులుగా రాసుకునే వింత అలవాటు కూడా అమెరికావారికి ఉండేది. 1907 నుంచి ఇంకో మేలు జరిగింది. సొంత దేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా రాయమన్నారు. 'తండ్రి ఫలానా, ఊరు ఫలానా' అన్న ఆ ఒక్క వరుస దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఇటాలియన్ల కాగితాల్లో మరో విశేషం... పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. భార్య పుట్టింటి పేరుతోనే ఉంటుంది, పిల్లలు తండ్రి పేరుతో ఉంటారు. అమెరికాలోని మునిమనవరాలు 'ఈవిడెవరో పరాయి మనిషిలా ఉందే' అనుకుని దాటేస్తుంది. ఆవిడే ముత్తవ్వ! పెళ్లికాగానే అమ్మాయి ఇంటిపేరు చెరిపేసే మన కాగితాల్లో అమ్మమ్మ పుట్టింటివారిని వెతకడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు. ఈ ఒక్క విషయంలో ఇటాలియన్లు అదృష్టవంతులు.

2001 ఏప్రిల్‌లో ఈ జాబితాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. మైక్రోఫిల్ములు చూసి చేతిరాతని కంప్యూటర్లోకి ఎక్కించింది మోర్మన్ చర్చికి చెందిన వేలాది వాలంటీర్లు. 2 కోట్లకు పైగా పేర్లు! మొదటిరోజుల్లో జనం తాకిడికి వెబ్‌సైట్ తెరుచుకుంటే ఒట్టు. తెరుచుకున్నాక ఇంకో ఇబ్బంది. పాతకాలపు గొలుసుకట్టు రాతలో 'టి' చూస్తే 'ఎఫ్'లా ఉంటుంది, 'ఎల్' చూస్తే 'ఎస్'లా ఉంటుంది. వాలంటీర్లకి ఎలా కనిపిస్తే అలా ఎక్కించారు. దాంతో సరైన స్పెల్లింగుతో వెతికినవారికి చుక్కెదురైంది.

ఇక్కడ తెరమీదికొచ్చిన మనిషి స్టీఫెన్ మోర్స్. ఈ పేరు ఇంజినీరింగ్ చదివినవారు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. కాలేజీల్లో తరతరాల విద్యార్థులు కుస్తీ పట్టిన ఇంటెల్ 8086 మైక్రోప్రాసెసర్ రూపశిల్పి ఆయనే. పూర్వీకుల కోసం వెతకబోయి విసుగెత్తి, తనే ఒక వెతుకులాట సాధనం రాసుకుని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. పేరు సగమే తెలిసినా, ఉజ్జాయింపు వయసు, ఊరు, ఓడ ఎక్కిన సంవత్సరం కలిపి వల వేయొచ్చు. చిప్ చేసిన పేరు ఒకెత్తు... ముత్తాతల్ని వెతికిపెట్టి సంపాదించుకున్న అభిమానం మరొకెత్తు.

కొండమీది రిజిస్టరు

సరే, ఊరి పేరు దొరికింది. ఇక అసలు విందు అక్కడే.

దక్షిణ ఇటలీని నెపోలియన్ మనుషులు పాలించింది కొద్దికాలమే అయినా ఒక మంచి అలవాటు వదిలివెళ్లారు. 1809 నుంచి నేపుల్స్ రాజ్యంలో ప్రతి పుట్టుక, పెళ్లి, చావూ ప్రభుత్వ రిజిస్టర్లకెక్కాయి. సిసిలీలో ఇది 1820లో మొదలైంది. ఉత్తరాన చాలాచోట్ల 1866లో, రోమ్, వెనిస్ ప్రాంతాల్లో 1871లో వచ్చింది. అంతకుముందు సంగతి కావాలంటే చర్చికి వెళ్లాలి. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్ల వివరాలు రాసిపెట్టాలని 1563లోనే ట్రెంట్ మహాసభ ఆదేశించింది. ఓపిక, కాస్త లాటిన్ ఉంటే నాలుగు శతాబ్దాలు వెనక్కి నడవొచ్చన్నమాట.

ఈ పుట్టుక కాగితం చదవడమే ఒక అనుభవం. తండ్రి పసిబిడ్డని ఎత్తుకుని ఊరి అధికారి ముందుకి వస్తాడు. పక్కన ఇద్దరు సాక్షులు. ఆయన వయసు ఎంత, పని ఏమిటి, ఇల్లు ఏ వీధి, తల్లి ఎవరి కూతురు... అన్నీ రాస్తారు. అడుగున సంతకాల దగ్గర చాలా కాగితాల్లో ఒకే మాట ఉంటుంది, తండ్రికి రాయడం రాదు కాబట్టి అధికారి ఒక్కడే సంతకం చేశాడని. కాలిఫోర్నియాలో పీహెచ్‌డీ చేసిన మనవరాలికి ఆ ఒక్క వాక్యం దగ్గర కళ్లు చెమర్చితే వింతేముంది!

ఇంతకంటే పెద్ద నిధి పెళ్లి దస్తావేజుల కట్ట. పెళ్లి కావాలంటే వధూవరులిద్దరి పుట్టుక పత్రాలు తేవాలి. తండ్రి లేకపోతే ఆయన చావు పత్రం తేవాలి. తండ్రి పోయాడు కాబట్టి అనుమతి ఇవ్వాల్సింది తాత. తాతా పోతే ఆయన చావు పత్రమూ జతచేయాలి. అలా 1820ల నాటి ఒక్క పెళ్లి కట్ట విప్పితే మూడు తరాలు, దాదాపు వందేళ్లు బయటపడతాయి. అప్పట్లో ఆ పెళ్లికొడుకు ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగి, ఎంత తిట్టుకున్నాడో... ఇప్పుడు ఆయన వారసులు మాత్రం దండం పెడుతున్నారు.

మగవాళ్లకైతే సైన్యం జాబితాలు ఇంకో దారి. ఆ ఏడాది పుట్టిన కుర్రాళ్లందరి పేర్లూ ఊరి వారీగా రాసేవారు. అమెరికా పారిపోయినా సరే, పేరు మాత్రం ఉంటుంది. ఇప్పుడైతే ఇవన్నీ చూడటానికి ఇటలీ వెళ్లక్కర్లేదు. అక్కడి ప్రభుత్వ దస్తావేజుల శాఖ 2011లో 'అంతెనాతి' అనే వెబ్‌సైట్ తెరిచింది. ఆ మాటకి అర్థం పూర్వీకులు. కోట్లాది పేజీల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. కానీ అందరికీ అంత అదృష్టం ఉండదు. 1908 డిసెంబరు 28 భూకంపం మెసీనా నగరాన్ని నేలమట్టం చేసింది. ఎన్నో కాగితాలూ మట్టిలో కలిసిపోయాయి.

తాత పేరు మనవడికి... అక్కడా అంతే!

మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు. రెండోవాడికి అమ్మ తండ్రి పేరు. మొదటి కూతురికి నానమ్మ పేరు, రెండోదానికి అమ్మమ్మ పేరు. ఇదేదో గోదావరి జిల్లాల కుటుంబం అనుకునేరు, దక్షిణ ఇటలీ ఆనవాయితీ. ఈ క్రమం తెలిస్తే పిల్లల పేర్లు చూసి తాతల పేర్లు ఊహించవచ్చు. అదే సమయంలో తలనొప్పి కూడా. అయిదుగురు అన్నదమ్ములుంటే అయిదుగురూ తమ పెద్దకొడుక్కి తండ్రి పేరే పెడతారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, అయిదుగురు సాల్వతోరెలు! ఓడెక్కింది ఏ సాల్వతోరె?

ఊరివాళ్లు దీనికి మందు కనిపెట్టారు. మారుపేర్లు. కుంటివాడి కుటుంబం, కొలిమి వెనక ఇంటివాళ్లు... మన పల్లెల్లో పిలుచుకున్నట్టే. వెనిస్ దగ్గర కియోజా అనే చేపలరేవు ఉంది. అక్కడ ఎవర్ని చూసినా బోస్కోలో, లేదంటే తియోజో. వేరేదారి లేక ఇంటిపేరు పక్కన మారుపేరుని కూడా ప్రభుత్వ గుర్తింపు పత్రాల మీద అధికారికంగా రాస్తున్నారు.

ఇంటిపేర్లలో కథలు

ఇటలీలో మూడున్నర లక్షల ఇంటిపేర్లు ఉన్నాయని అంచనా. కొన్ని వింటేనే అర్థమవుతాయి. ఎక్కువమందికి ఉన్న పేరు రోస్సి... ఎర్ర జుట్టువాళ్లు. అదే దక్షిణాన రుస్సో. రిచ్చి అంటే ఉంగరాల జుట్టు. ఫెరారి కమ్మరి, మొలినారి పిండిమరవాడు, సర్తోరి దర్జీ, బార్బియెరి మంగలి. కోటీశ్వరుల కారు పేరు వెనక ఉన్నది ఒక కొలిమి! గ్రెకో అంటే గ్రీకువాడు, లొంబార్డో అంటే లొంబార్డీ నుంచి వచ్చినవాడు. తెనాలి నుంచి వేరే ఊరికి పోయినవాణ్నే 'తెనాలివారు' అంటారు గానీ తెనాలిలో ఉన్నవాణ్ని అనరు కదా. అక్కడా అదే సూత్రం.

పేరు చివరి అక్షరం కూడా చిరునామా చెబుతుంది. 'ఇ'తో ముగిస్తే ఉత్తర, మధ్య ఇటలీ వైపు, 'ఓ'తో ముగిస్తే దక్షిణం వైపు మొగ్గు ఎక్కువ. ట్రెవిజాన్, బెనెటన్ లాగా 'న్'తో ఆగిపోతే వెనెటో. పీరస్, మెలిస్ అంటే సార్డీనియా దీవి. కచ్చితమైన నియమం కాదు, వెతకడానికి దిక్కు చూపే ముల్లు.

కొన్ని పేర్ల వెనక మాత్రం కన్నీళ్లున్నాయి. నేపుల్స్‌లో ఎక్కడ చూసినా ఎస్పోజితో అనే ఇంటిపేరు వినిపిస్తుంది. 'బయట పెట్టేసిన' అని దాని మూలార్థం. నగరంలోని అనున్జియాటా ఆశ్రమం గోడలో గుండ్రంగా తిరిగే కొయ్య తొట్టి ఉండేది. పెంచలేని తల్లి రాత్రివేళ వచ్చి బిడ్డని అందులో పెట్టి తిప్పేది. అవతల గదిలో ఉన్న ఆయా బిడ్డని అందుకునేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలు లేదు. 1875లో ఆ తొట్టిని మూసేశారు. అలా వచ్చిన పిల్లలకి పెట్టిన ఇంటిపేరే ఎస్పోజితో. ఫ్లోరెన్స్‌లో ఇన్నొచెంటి, రోమ్ వైపు ప్రొయెట్టి, మిలన్‌లో కొలంబో. మిలన్ ఆసుపత్రి గుర్తు పావురం కాబట్టి ఆ పేరు. 'దేవుడే నిన్ను పెంచుగాక' అనే అర్థంలో దియోతల్లేవి అని కూడా పెట్టారు. ఫ్లోరెన్స్‌లో 1445లో తెరిచిన అనాథాశ్రమం ఇప్పుడు మ్యూజియం. సగానికి విరిచిన పతకాలు అక్కడ అద్దాల వెనక ఉంటాయి. బిడ్డతో ఒక ముక్క పంపి రెండో ముక్క తల్లి దాచుకునేది, ఎప్పటికైనా వచ్చి ఆనవాలు చూపి తీసుకెళ్దామని. వంశవృక్షం గీసుకుంటూ పోయిన ఎస్పోజితోలు చాలామంది ఆ తొట్టి దగ్గర ఆగిపోవాల్సిందే. అవతల ఏముందో ఏ రిజిస్టరూ చెప్పదు. అయితే పేరు చూసి తొందరపడకూడదు. ఆ బిడ్డలకీ పిల్లలు, మనవలు పుట్టారు. ఇప్పటి ఎస్పోజితో ఎవరూ అనాథ కానక్కర్లేదు.

ఒక్క తేదీ... ఒక పాస్‌పోర్టు

ఇదంతా కాలక్షేపం వ్యవహారమేననుకుంటే పొరపాటు. ఇటలీ చట్టంలో పౌరసత్వం రక్తసంబంధంతో వస్తుంది. 2025 దాకా ముత్తాత ఇటాలియన్ అని కాగితాలతో నిరూపిస్తే మునిమనవడికి ఇటలీ పాస్‌పోర్టు, దాంతో యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడైనా ఉద్యోగం చేసుకునే హక్కు వచ్చేవి. తరాల లెక్కకి పరిమితే లేకుండా ఉండేది. అయితే గొలుసు ఎక్కడా తెగకూడదు. ముత్తాత అమెరికా పౌరసత్వం తీసుకున్నది ఎప్పుడు? కొడుకు పుట్టాకా, ముందా? ముందే అయితే ఆ శాఖ అంతా ఇటలీకి పరాయిదే. వారం రోజుల తేడాతో హక్కు పోయే కుటుంబాలుండేవి. పైగా పుట్టుక పత్రంలో జుసెప్పె, చావు పత్రంలో జో అని ఉంటే ఇద్దరూ ఒకరేనని నిరూపించాలి. ఆడవాళ్ల విషయంలో ఇంకో అన్యాయం. 1948 జనవరి 1కి ముందు పుట్టిన బిడ్డలకి తల్లి వైపు నుంచి పౌరసత్వం రాదనేవారు. దానికోసం కోర్టుకెక్కాల్సి వచ్చేది.

దక్షిణ అమెరికా నుంచి దరఖాస్తులు వెల్లువెత్తాయి. చిన్న ఊళ్ల గుమాస్తాలకి సొంత ఊరి పనులు చేసుకునే తీరిక లేకుండా పోయింది. ఐస్‌క్రీమ్ తయారీకి పేరుపడ్డ వాల్ ది జోల్దో అనే కొండ ఊళ్లో ఈ దరఖాస్తుల బరువుకి నిరసనగా పంచాయతీ కార్యాలయం మీద బ్రెజిల్ జెండా కట్టారు. చివరికి 2025 మార్చి 28న ప్రభుత్వం అత్యవసర ఆదేశం తెచ్చింది. మే నెలలో అది చట్టమైంది. ప్రధానంగా తల్లిదండ్రులో, తాత, నానమ్మ, అమ్మమ్మల్లో ఒకరో ఇటాలియన్ పౌరులై ఉన్నవారికే హక్కు మిగిలింది. ఏళ్ల తరబడి డబ్బు ఖర్చుపెట్టి ముత్తాత కాగితాలు కూడబెట్టి, దరఖాస్తు పెట్టడానికి వరసలో నిలబడ్డవాళ్ల ముందే తలుపు మూసుకుంది. చిత్రమేమిటంటే దానికి ముందు ఏడాదే, 2024ని 'మూలాల సంవత్సరం'గా ప్రకటించి, 'మీ తాతల ఊళ్లు చూడటానికి రండి' అని ఇటలీ ప్రభుత్వమే వారిని పిలిచింది. పర్యటనకి రావచ్చు, పౌరులుగా మాత్రం కాదన్నమాట!

తెలుగు కూలీల ఓడలు

ఇటలీ మనకి దూరమే గానీ ఈ వెతుకులాట దూరం కాదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్‌లో లంగరు వేసింది. దక్షిణాఫ్రికా చెరకు తోటలకి ఒప్పంద కూలీలతో వెళ్లిన మొదటి ఓడ అదే. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. 1911 దాకా అలా వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు. మారిషస్ వెళ్లినవారి రికార్డులు అక్కడి మోకాలో మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. 1860ల నుంచి తీసిన ఫొటోలు కూడా.

ఇటాలియన్‌కి ఉన్న సౌకర్యం మన వారసులకి లేదు. ఆ జాబితాల్లో చాలామందికి ఇంటిపేరే లేదు. నాయుడు, రెడ్డి అన్నవి తర్వాత ఇంటిపేర్లుగా స్థిరపడి, ఒక్కో దేశంలో ఒక్కో స్పెల్లింగు తెచ్చుకున్నాయి. ముత్తాత కూలీ నంబరు తెలిస్తేనే దారి. విశాఖపట్నం 'వైజాగపటం' అయినట్టు, ఊరి పేరు ఇంగ్లిషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా కాగితమ్మీదికెక్కింది. డర్బన్‌లో కూర్చుని చదివితే అది అర్థం కాదు. అదే అక్షరాలని ఇక్కడ, శ్రీకాకుళంలోనో సామర్లకోటలోనో పుట్టిపెరిగిన మనిషికి పైకి చదివి వినిపిస్తే చాలు... 'అది మా పక్క ఊరేనండీ' అని చెప్పేస్తారు.